ఎంజీబీకి రబ్బర్ బంపర్ తీసేసి క్రోమ్ పెట్టించాలా, వద్దా?

కవెంట్రీ కుర్రాడు: 1975 ఎంజీబీ రోడ్‌స్టర్ కొన్నా, అదే పైకప్పు తెరుచుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. బండి బానే ఉంది కానీ ఆ నల్ల బంపర్ చూస్తే మూతికి టైరు ముక్క కట్టినట్టుంది. క్రోమ్‌కి మార్పించినోళ్లు ఎవరైనా ఉన్నారా?

స్పానర్ శీను: కళ్లు మూసుకుని మార్పించెయ్ తమ్ముడూ. 1962లో ఎంజీ కంపెనీ చీఫ్ ఇంజనీర్ సిడ్ ఎనెవర్ టీమ్ తెచ్చిన బండికి హెడ్‌లైట్ దగ్గర మొదలైన గీత తలుపు మీదుగా తోక దాకా ఒక్క ఊపులో పోయేది. అమెరికా బంపర్ రూల్స్ కోసం 1974లో ఈ మూతి తగిలించి, అది చాలనట్టు బండిని ఒకటిన్నర అంగుళం పైకి లేపారు. చక్రానికీ మడ్‌గార్డ్‌కీ మధ్య పిల్లి దూరుద్ది.

బుచ్చిబాబు: అంగుళమే. ఒకటిన్నర కాదు.

స్పానర్ శీను: ఒకటిన్నర. కొలిచి మాట్లాడు.

బుచ్చిబాబు: సరే అది పక్కన పెట్టు. బంపర్ విప్పి ఇంకోటి బిగిస్తే అయిపోద్ది అనుకుంటున్నాడు పాపం. క్రోమ్ బండికి ముందు ఇండికేటర్లు మడ్‌గార్డ్ మీదుంటాయి, రబ్బర్ బండికి బంపర్‌లోనే ఉంటాయి, అంటే రేకు కోసి వెల్డింగ్ కొట్టాలి, గ్రిల్ మార్చాలి, మళ్లీ పెయింటు, ఇంత చేసినా ఎత్తు అలాగే ఉంటది. నాది ఆరు వారాలన్నారు, ఏడు నెలలు వర్క్‌షాప్‌లో పడుంది. తెచ్చుకున్నాక చూస్తే బానెట్ సందు ఒక పక్క చిటికెన వేలు పట్టుద్ది, ఇంకో పక్క గోరు కూడా దూరదు.

స్పానర్ శీను: నీ మెకానిక్ చెత్తోడైతే డిజైన్‌ది తప్పా?

టీ కొట్టు: ముందు అంగుళం సంగతి తేల్చండి గురూ 😀

బుచ్చిబాబు: అసలు రోగం బంపర్ కాదు శీనూ. ఎత్తు పెంచినప్పుడే రోడ్‌స్టర్‌కి ముందు యాంటీ రోల్ బార్, అంటే బండి ఒరక్కుండా ఆపే కడ్డీ, పీకేశారు, మలుపులో పడవలా ఒరిగేది అందుకే. 1977 మోడల్‌కి కంపెనీయే ముందూ వెనకా బార్లు వేసి సరిచేసింది. కుర్రాడు అది వేయించుకుంటే చాలు. సీట్లో కూర్చుంటే బంపర్ వాడికి కనపడదుగా!

స్పానర్ శీను: పక్కనోడికి కనపడుద్దిగా.

బుచ్చిబాబు: అదీ అసలు సంగతి. నీకు బండి ఊళ్లోవాళ్ల కోసం.

స్పానర్ శీను: అవును, అయితే? పోయినేడు షోకి తీసుకెళ్తే నా రబ్బర్ బండిని గేటు పక్కన, బురదలో పెట్టమన్నారు. క్రోమ్ బండ్లన్నీ మధ్యలో. ఆ గ్రౌండ్ మొత్తంలో మనోణ్ని నేనొక్కణ్ణే, ఇంక బండి కూడా వేరేగా కనపడాలా? నీకేం తెలుసు.

బుచ్చిబాబు: ... ఇది ముందే చెప్పొచ్చుగా. కానీ ఎంజీ వాళ్ల అబింగ్డన్ ఫ్యాక్టరీ 1980లో మూసేదాకా చివరి ఆరేళ్లు కట్టినవన్నీ ఈ మూతివే, అవేం దొంగ బండ్లు కాదు. వాళ్లు బురదలో పెట్టమంటే రేకు కోయించుకుంటామా?

స్పానర్ శీను: నువ్వు కోయించుకున్నావుగా.

కవెంట్రీ కుర్రాడు: అన్నలూ, టేపు పెట్టి కొలిచా. స్ప్రింగులు కుంగిపోయి వెనకంతా కిందికి దిగిపోయింది, మీ ఇద్దరి లెక్కా తప్పే. యాంటీ రోల్ బార్ ఆర్డర్ పెట్టా. బంపర్ సంగతి ఎండాకాలం వచ్చాక చూద్దాం.