‘డార్త్ ప్లేగస్’ నవల: మొదటి భాగం దాటితే గాడిన పడుతుందా? (స్పాయిలర్లు ఉన్నాయి)

శాండ్‌క్రాలర్:
జేమ్స్ లుసెనో రాసిన స్టార్ వార్స్ నవల ‘డార్త్ ప్లేగస్’ మొదటి భాగంలో ఉన్నాను. ‘రివెంజ్ ఆఫ్ ద సిత్’ సినిమాలో పాల్పటీన్ ఒపేరా హాల్లో కూర్చుని, సిత్ (చీకటి శక్తిని వాడేవాళ్లు) గురువైన ప్లేగస్ గురించి అనకిన్‌కి చెప్పే కథ ఉంది కదా, అదే పూర్తిగా దొరుకుతుందని మొదలుపెట్టాను. తీరా చూస్తే గనుల హక్కులు, ప్లాస్మా ఒప్పందాలు, సెనేట్ బేరసారాలే ఎక్కువ. పేర్లయితే ఒక్కటీ బుర్రలో నిలవట్లేదు. చివరిదాకా ఇంతేనా? దీనికంటే ముందు చదవాల్సినవి ఏమన్నా ఉన్నాయా? పైగా 2014లో దీన్ని ‘లెజెండ్స్’ (అధికారిక కథలో లెక్కకు రాని పాత పుస్తకాలు) కింద పక్కన పెట్టేశారు, ప్లేగస్ కనిపించే ‘ది అకోలైట్’ సిరీస్ కూడా వచ్చేసింది. ఇప్పుడు చదవడం దండగా?

పాత హోలోక్రాన్:
చివరిదాకా ఇంతే కాదండీ. కానీ రాజకీయం తగ్గుతుందని మాత్రం ఆశపడకండి, దాని మీద పట్టు దొరుకుతుందంతే.

నవలలో మూడు భాగాలు. యావిన్ యుద్ధానికి (1977 నాటి తొలి సినిమా చివర్లో జరిగేది) ముందు 67–65, 54–52, 34–32 సంవత్సరాలు. మధ్యలో ఒకసారి 11 ఏళ్లు, ఇంకోసారి 18 ఏళ్లు దూకేస్తుంది. చాలామంది తడబడేది సరిగ్గా అక్కడే. భాగం మొదట్లో వేసిన సంవత్సరం చూడకుండా పేజీ తిప్పేస్తే, సొంత గ్రహం నబూలో తండ్రి మీద కారాలు మిరియాలు నూరుతున్న కుర్రాడు పాల్పటీన్ అప్పుడే రాయబారి ఎలా అయ్యాడో అంతుపట్టదు.

పేర్లన్నీ మోయక్కర్లేదు. ప్లేగస్ గురువు టెనబ్రస్, ఆయన చాటుగా తయారుచేసుకున్న రెండో శిష్యుడు వెనామిస్, 11-4డి అనే డ్రాయిడ్ (రోబో), వేట విందులు జరిగే సోజర్న్ ఉపగ్రహం, పాల్పటీన్ తండ్రి కోసింగా. మొదటి భాగానికి ఇవి చాలు. మిగతా బ్యాంకర్లూ సెనేటర్లూ వచ్చినప్పుడు, వాడికి ప్లేగస్ దగ్గర ఏం కావాలో ఒక్కటి పట్టుకోండి. ప్లేగస్ లోకానికి తెలిసింది హేగో డమాస్క్ అనే, మూన్ అన్న గ్రహాంతర జాతి ఫైనాన్షియర్‌గానే. ఆయన లైట్‌సేబర్‌తో సాధించేదానికంటే అప్పులిచ్చి సాధించేదే ఎక్కువ.

ప్లాస్మా గొడవ మాత్రం దాటేయొద్దు. నబూలో తవ్వితీసే ప్లాస్మా ఇంధనం వ్యాపారంలోకి ట్రేడ్ ఫెడరేషన్ అనే వర్తక సంఘం ఎలా చొరబడిందో అక్కడే ఉంది. తర్వాత ‘ఫాంటమ్ మెనస్’ (మొదటి ఎపిసోడ్) సినిమాలో అదే ఫెడరేషన్ అదే గ్రహాన్ని దిగ్బంధిస్తుంది. సినిమా రెండు ముక్కల్లో తేల్చేసిన తగాదాకి ఇక్కడ వేర్లు కనిపిస్తాయి.

కార్టోసిస్:
పైన చెప్పింది బాగానే ఉంది గానీ, పేరు ప్లేగస్‌ది, పుస్తకం పాల్పటీన్‌ది. ఈ మాట ముందే చెప్పాలి. చావుని జయించడం మీద ప్లేగస్ చేసే పరిశోధన కోసమే కదా అందరం కొన్నది? వెనామిస్‌ని చంపడం, మళ్లీ బతికించడం లాంటివి ఉన్నాయి, కాదనను. కానీ కళ్లముందు జరిగేది తక్కువ, జరిగిందని చెప్పి ముందుకెళ్లిపోయేదే ఎక్కువ.

అదే పాల్పటీన్ దగ్గరికొచ్చేసరికి రచయిత తొందరపడడు. ఓడలో కుటుంబాన్ని చంపే ఘట్టమే చూడండి. ప్లేగస్ అక్కడ ఉండడు, చంపమని చెప్పనూ చెప్పడు. తండ్రి మీద ఉన్న కసిని అంతకుముందే ఎగదోసి, దూరంగా జరిగి ఊరుకుంటాడు. కుర్రాడు తండ్రితో మొదలుపెట్టి తల్లినీ, తోడబుట్టినవాళ్లనీ, కాపలావాళ్లనీ కూడా వదలడు. అంతా అయ్యాక తనే ప్లేగస్‌కి కబురు పెడతాడు. ఎవరు ఎవరిని వాడుకుంటున్నారన్న అనుమానం నాకైతే అక్కడే మొదలైంది.

మూడో భాగం మీద నా ఫిర్యాదు వేరు. లుసెనోదే ‘క్లోక్ ఆఫ్ డిసెప్షన్’ (2001), మైకేల్ రీవ్స్ ‘షాడో హంటర్’ (2001), ఆపైన ‘ఫాంటమ్ మెనస్’, మూడింటి సంఘటనలూ ఇందులోకి వచ్చి పడతాయి. అవి చదవనివాళ్లకి వార్తల ముఖ్యాంశాలు విన్నట్టుంటుంది. ఒక్కటే చదివే ఓపికుంటే ‘క్లోక్’ చదవండి. అప్పటి ఛాన్సలర్ (సెనేట్ అధినేత) వలోరమ్ ఎందుకంత బలహీనపడ్డాడు, ఎరియాడు గ్రహం మీది సమావేశంలో ఏం జరిగింది అన్నవి తెలిసుంటే ఇక్కడ బండి ఆగదు.

రెండు కాదు మూడు:
బ్రో, రూల్ ఆఫ్ టూ (సిత్‌లు ఎప్పుడూ ఇద్దరే, గురువూ శిష్యుడూ) సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఈ నవల లెక్కన ‘ఫాంటమ్ మెనస్’ చాలావరకు నడిచేదాకా ప్లేగస్ బతికే ఉన్నాడు. అంటే ప్లేగస్, పాల్పటీన్, పాల్పటీన్ శిష్యుడు మాల్, మొత్తం ముగ్గురు! మాల్ నిజమైన సిత్ కాదు, కేవలం హంతకుడిగా పెంచారు అని రచయిత సర్దిచెప్తాడు. నాకు సగమే నమ్మబుద్ధయింది.

ప్లేగస్ చావు మాత్రం పక్కాగా కుదిరింది. రెండో భాగంలో రాజధాని గ్రహం కొరసాంట్‌లో జరిగిన హత్యాయత్నంలో దవడా గొంతూ దెబ్బతిని, అప్పట్నుంచి శ్వాస పరికరం తగిలించుకుని తిరుగుతాడు. పాల్పటీన్ ఛాన్సలర్ ఎన్నిక సమయంలో ఓ రాత్రి తాగి కునుకు తీస్తుంటే, శిష్యుడు చేతుల్లోంచి వదిలిన మెరుపులు సూటిగా ఆ పరికరం మీదే పడతాయి. సినిమాలో ‘నిద్రలో చంపాడు’ అన్న మాటా చెడలేదు, మెలకువగా ఉంటే ఎదుర్కోలేని గురువుని ఎలా పడగొట్టాడో కారణమూ దొరికింది.

శాండ్‌క్రాలర్:
సరే, ‘క్లోక్’ ముందు పెట్టుకుంటా. లెజెండ్స్ సంగతి?

పాత హోలోక్రాన్:
పుస్తకం వచ్చింది 2012 జనవరిలో, పక్కన పెట్టింది 2014 ఏప్రిల్‌లో. కాబట్టి ఇందులోది ఏదీ ఇప్పటి సిరీస్‌లకి సాక్ష్యం కాదు. ‘అకోలైట్’ చివరి ఎపిసోడ్‌లో ప్లేగస్ గుహలో తొంగిచూసేది ‘ఫాంటమ్ మెనస్’కి సుమారు 100 ఏళ్ల ముందు. నవల తెరతీసేది 35 ఏళ్ల ముందు. రెంటినీ ఒకే గీత మీద పెట్టాలని చూస్తే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. ఇంకోటి, ఇందులో పాల్పటీన్ సొంత పేరు వాడడు, ఇంటిపేరు ఒక్కటే. షీవ్ అన్న పేరు ఇదే రచయిత 2014లో రాసిన ‘టార్కిన్’తో వచ్చింది. ఇక్కడ వెతకొద్దు.

ఆడియో పెట్టుకుందామనుకుంటే డేనియల్ డేవిస్ గొంతు పాల్పటీన్‌కి బ్రహ్మాండంగా కుదిరింది. కాకపోతే వెనక్కి తిప్పి సంవత్సరాలు చూసుకోవడం కష్టం. ఆ మూడు తేదీల జతలూ ఫోన్లో రాసి పెట్టుకోండి.