ఒక్క స్టార్‌కు అంత జీతమా, నిండైన జట్టా?

ప్రశ్న: 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్)లో ఒక్కో జట్టు జీతాల పరిమితి 27.92 కోట్ల డాలర్లు కాగా, డల్లాస్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) డాక్ ప్రెస్కాట్ ఒప్పందమే ఏడాదికి సగటున 6 కోట్లు. మిగిలిన సొమ్ముతో 53 మంది జట్టును నిలబెట్టగలరా?

జవాబు: నిలబెట్టవచ్చండి. సంతకం బోనస్‌ను అయిదేళ్ల వరకు పరచి లెక్కిస్తారు కనుక మొదట భారం తగ్గుతుంది. అయితే ఆటగాడు మధ్యలో వెళ్లిపోతే మిగిలిన లెక్క జట్టు నెత్తినే పడుతుంది.

మరో జవాబు: 2022లో కాన్సాస్ సిటీ జట్టు తన స్టార్ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) టైరీక్ హిల్‌ను అయిదు డ్రాఫ్ట్ ఎంపికలకు (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతులకు) మయామీకి వదులుకున్నప్పుడు నేను చాలా బాధపడ్డాను. కానీ అదే ఏడాది డ్రాఫ్ట్‌లో చివరిదైన ఏడో రౌండులో తీసుకున్న పచేకో, ఆ సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియాపై టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గీత దాటించే స్కోరు) చేశాడు.

ప్రశ్న అడిగినవారు: నిజమే, కానీ తమ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ను కాన్సాస్ సిటీ వాళ్లు వదులుకోలేదు కదండీ. క్వార్టర్‌బ్యాక్‌కు చెల్లించి, రిసీవర్ల దగ్గర పొదుపు చేసి, ఆ డబ్బుతో అదనపు లైన్‌మెన్‌ను (ముందు వరుసలో ప్రత్యర్థులను ఎదుర్కొనే ఆటగాళ్లను) ఉంచుకోవడమే నాకు సబబుగా తోస్తోంది.