కలివి కోడి ఎసొంటి పొదల్ల ఉంటదో తెల్సుకోవాలంటే ఏం కొలవాలె?

పాలమూరు_జువాలజీ:
అందరికీ నమస్తే. మహబూబ్‌నగర్‌ల ఎమ్మెస్సీ చదువుతున్న, ప్రాజెక్టు కలివి కోడి (జెర్డాన్స్ కోర్సర్ అనే అరుదైన పిట్ట) మీద చేద్దామని మస్తు ఆశ ఉంది. 1900 తర్వాత ఎవ్వరికీ కనవడకుండ పోయి మళ్ల 1986ల కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికిందని చదివిన. డిండికి ఇటు అచ్చంపేట దిక్కు, అటు దేవరకొండ దిక్కు పొదల గుట్టలు చూస్తుంటే ఈడ కూడా ఉండొచ్చేమో అనిపిస్తది. మా గైడ్ సార్ ఏమో పిట్టనే లేని కాడ హాబిటాట్ సెలెక్షన్ (పిట్ట ఏ జాగను ఎంచుకుంటదో చూసే లెక్క) ఎట్ల చేస్తవ్ అంటుండు. ఇంకోటి, చందంపేట కాడ పడావు చేన్ల పట్టపగలు సన్నకాళ్ల పిట్ట ఉరుకుతుంటే చూసిన, తల ఎర్రగ, కంటి మీద తెల్లగీత, కింద నల్లగీత. అది ఇదేనా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

నల్లమల_నడక:
తమ్మీ, నువ్వు చూసింది ఇండియన్ కోర్సర్, దానికి బోడి చేన్లే ఇష్టం. కలివి కోడి రాత్రి తిరిగే పిట్ట, పగలు పొదల కింద కదలకుండ ఉంటది, రొమ్ము మీద రెండు పట్టీలు ఉంటయి.
మీ సార్ అన్నదాంట్ల న్యాయం ఉంది. పిట్ట తిరిగిన జాగల కొలతలు, అదే అడవిల దానికి అందుబాటుల ఉన్న మిగతా జాగల కొలతలు పక్కపక్కన పెడితేనే అది దేన్ని ఎంచుకుంటుందో తెలుస్తది, ఉన్న జాగ ఒక్కటే కొలిస్తే ఏం తెల్వదు. కడప జిల్లా లంకమల అడవుల కలివి కోడి మీద గట్లనే చేసిండ్రు, పిట్ట కనవడదు కాబట్టి పొదల నడుమ మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుల గుర్తులు చూసిండ్రు. రెండు మీటర్ల కన్న ఎత్తు పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాక, చిన్న పొదలు 1000 లోపు ఉన్న కాడ అడుగులు ఎక్కువ పడ్డయి. అంటే మరీ చిక్కగ ఉండొద్దు, మరీ బోడిగ ఉండొద్దు, నడుమ ఉరకనీకె ఖాళీ నేల కావాలె.
నువ్వు చేయగలిగేది ఏందంటే పది మీటర్ల తాడు పట్టుకొని గుండ్రంగ తిరిగి లెక్కపెట్టు, ఆ సుట్టుల పెద్ద పొదలు పది నుంచి ఇరవై రెండు దాక, చిన్నయి ముప్పై లోపు వస్తే లంకమల లెక్కకు దగ్గర ఉన్నట్టు. జాగలు మాత్రం మ్యాపు మీద ర్యాండమ్‌గ తీస్కో, మంచిగ కనవడ్డ కాడికే పోతే లెక్క చెడ్తది. అయితే పేరు మాత్రం సెలెక్షన్ అని పెట్టకు, అనువైన పొదల సర్వే అను, సార్ కూడా ఒప్పుకుంటడు.

దేవరకొండ_గొల్లోళ్లింటి:
అన్నా మేము గొర్లు కాసేటోళ్లం, పొద ఎందుకు గట్ల ఉంటదో చెప్త. మంద తిరిగే కాడ, కట్టెలు కొట్టుకునే కాడ పొద పల్చగైతది, ఎవ్వరు పోని కాడ రేగు, తుమ్మ అల్లుకొని మనిషి కూడా దూరడు. మందలు మరీ ఎక్కువైతే ఏం మిగల్దు. కాబట్టి పొదలు లెక్కపెట్టేటప్పుడు మేపు ఎంత, కొట్టుడు ఎంత అన్నది కూడా రాస్కో, ఏడాదిల ఎన్ని నెలలు మందలు వస్తయో కాపర్లను అడుగు. మా దిక్కు పెద్ద బాధ అది కాదు, బోరు వడ్డదంటే పొదల నేల మొత్తం బత్తాయి తోట అయితుంది, డోజర్ పెడితే ఒక్క పూటల పోతది.

నల్లమల_నడక:
ఇది నిజం, లంకమల దిక్కు కూడా పొద తీసి నిమ్మ తోటలు పెట్టిండ్రు. దీనికి కూడా నీ పట్టికల ఒక కాలమ్ పెట్టు తమ్మీ, చాలామంది వదిలేస్తరు.

అడుగుజాడ:
అడుగులు చూసే మట్టి పట్టీల గురించి ఒక మాట. మట్టి జల్లెడ పట్టి సాయంత్రం సాపు చేసి తెల్లారంగనే చూడాలె, ఎండెక్కినంక గొర్లు తొక్కుతయి, గాలికి అంచులు రాలి అడుగు పెద్దగ కనవడ్తది. కోర్సర్లకు ముందు మూడే వేళ్లు, వెనక వేలు ఉండదు. కౌజు పిట్ట అడుగుల వెనక వేలు పడ్తది, కాబట్టి అది తేలికగ తీసేయొచ్చు, కష్టమంతా తీతువుతోటి, రాత్రే తిరిగే స్టోన్ కర్ల్యూతోటి. ప్రతి అడుగు పక్కన స్కేలు పెట్టి నిలువుగ ఫోటో తీ. ఇంకా ముఖ్యమైంది, పట్టీ ఖాళీగ ఉందంటే పిట్ట లేదని కాదు, ఒక్క రాత్రితోటి లేదు అని రాయకు, ఒకే పట్టీని చాలా రాత్రులు చూసి ఎన్ని రాత్రులు చూసినవో థీసిస్‌ల రాయి. చీకటి పడ్డంక కొద్దిసేపు అరుస్తది, ఊకె వినుడు మంచిదే, స్పీకర్ పెట్టి కూత వినిపించుడు మాత్రం సొంతంగ చేయకు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల ఏ పని అయినా అటవీ శాఖ పర్మిషన్ కావాలె, దరఖాస్తు ఇప్పుడే పెట్టు, సెమిస్టర్ అయిపోయినంక వస్తే లాభం లేదు.

పాలమూరు_జువాలజీ:
అందరికీ థాంక్స్ అన్నా. సార్‌తోటి మాట్లాడిన, అనువైన పొదల సర్వే అంటే సరే అన్నడు. మొదలు రిజర్వ్ బయట చందంపేట దిక్కు పొదలతోటి మొదలువెడ్త. గొల్ల అన్నా, మీ ఊరి దిక్కు వస్తే మందలు తిరిగే తొవ్వలు చూపిస్తరా?

దేవరకొండ_గొల్లోళ్లింటి:
రా తమ్మీ, మా నాయిన మంద ఎంబడే ఉంటడు, ఆయనకు ప్రతి గుట్ట ఎర్కే.