పాత ఎస్‌యూవీ డీజిల్ ట్యాంకు కింద ఇనప రేకు కొట్టించొచ్చా? ఫుల్ ట్యాంక్ చేయిస్తే వాసన వస్తోంది

సింగ్‌నగర్_కుర్రాడు:

అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ సింగ్‌నగర్. నాన్నగారు 2007లో కొన్న డీజిల్ ఎస్‌యూవీ ఉంది, ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన పాతకాలం బండి. 2022లో పదిహేనేళ్ళు నిండితే ఇంకో ఐదేళ్ళకి ఆర్సీ రెన్యువల్ చేయించాం, నాన్న అమ్మనివ్వడు, నాకూ అమ్మాలని లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు మూడు రోజులు సీట్ల దాకా నీళ్ళల్లో ఉండిపోయింది. తర్వాత ఇంజన్ దింపించాం, వైరింగ్ మార్పించాం, సీట్లు మార్పించాం గాని ట్యాంకు మాత్రం కింద నట్టు విప్పి నీళ్ళు వదిలేసి మళ్ళీ బిగించేశారు, విప్పి చూసిందైతే లేదు.

ఇప్పుడు ఫుల్ ట్యాంక్ చేయించిన ప్రతిసారీ రెండు రోజులు డీజిల్ వాసన. వారధి దిగి టర్నింగ్ తిప్పినప్పుడు ఇంకా ఎక్కువ. సగానికి వచ్చాక వాసనే ఉండదు. కింద నేల మీద చుక్క కూడా పడట్లేదు. ట్యాంకు వెనక యాక్సిల్ దాటాక, డిక్కీ కింద వేలాడుతూ ఉంటుంది, ఇనపదే.

ఆటోనగర్‌లో ఒకాయనకి చూపిస్తే కింద పడుకుని టార్చ్ వేసి చూసి, ట్యాంకుని పట్టి ఉంచే బెల్టు దగ్గర తుప్పు పట్టింది, విప్పక్కర్లేదు, ఇక్కడే గ్యాస్ పెట్టి మాటు వేసేస్తా, కింద 4 ఎంఎం రేకు కొడతా, ఇంక జన్మలో చూసుకోనక్కర్లేదు అన్నాడు. మా బావేమో వెనక పెద్ద పైప్ గార్డు వేయించు, ఎవడు గుద్దినా ట్యాంకుకి తగలదు అంటాడు. మా అక్కావాళ్ళు గుంటూరులో ఉంటారు, వారం వారం పిల్లలతో హైవే మీద వెళ్తాం, కాజ టోల్ దగ్గర ఆగినప్పుడల్లా వెనకాల లారీ వచ్చి అంగుళం దూరంలో ఆగుతుంటే నాకు గుండె దడ. వాసన మొదలయ్యాక ఆ భయం ఇంకా పెరిగింది. మాటు, రేకు, గార్డు... ఈ మూడిట్లో ఏది చేయించాలి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బందరురోడ్డు_బ్రో:

విప్పకుండా ట్యాంకుకి గ్యాస్ పెడతా అన్నాడా?? బ్రో ఆ షెడ్డు వైపు మళ్ళీ పోవద్దు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఆటోనగర్_పాతకాపు:

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్ళ పైన టింకరింగ్ పని చేశా, ఇప్పుడు మానేశా, కళ్ళు ఆనట్లేదు. పైన ఆయన చెప్పింది అక్షరాలా నిజం. డీజిలే కదా అంటుకోదు అనుకుంటారు. మామూలు వేడిలో అగ్గిపుల్లకి తొందరగా అంటుకోదు, ఒప్పుకుంటా. కానీ ట్యాంకు రేకుకి మంట పెట్టావంటే లోపల గోడకి అంటుకున్న డీజిల్ ఆవిరవుద్ది, అక్కడ గాలి కూడా ఉంది, ఇంక ఏం కావాలి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం అని మా గురువు పదేపదే చెప్పేవాడు. ఖాళీ డ్రమ్ముకి గ్యాస్ పెడితే మూత ఎగిరి షెడ్డు రేకు చీల్చుకుని బయటపడటం నా కళ్ళతో చూశా, అదృష్టం ఎవరికీ తగల్లేదు. మేం మాటు వేసేటప్పుడు ట్యాంకు బండి మీంచి పూర్తిగా దించి, సోడా వేసిన వేడినీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి, మాటు వేసే చోటు వరకూ నీళ్ళు నింపి, మిగిలిన కాస్త ఖాళీకి కూడా మూతి తెరిచి ఉంచి అప్పుడు పెట్టేవాళ్ళం. అది కూడా ఊరికే చేసే పని కాదు. నువ్వు అసలు మాటు జోలికి పోకు.

ఇక నీ వాసన సంగతి. ఫుల్ చేస్తేనే వస్తోంది, టర్నింగ్‌లో ఎక్కువవుతోంది, సగానికి వచ్చాక పోతోంది, కింద చుక్క లేదు. అంటే లీకు కింద కాదు, పైన. కింద తుప్పు పట్టి చిల్లు పడితే పావు ట్యాంకులో కూడా కారుద్ది కదా. పైన ఏముంటాయి, డీజిల్ ఎంతుందో చూపించే గేజ్ యూనిట్ కింద రబ్బరు ఉంటది, ఇంజన్ నుంచి మిగిలిన డీజిల్ వెనక్కొచ్చే రిటర్న్ పైపు ఉంటది, ట్యాంకుకి గాలి ఆడే బ్రీదర్ పైపు ఉంటది, పక్కన డీజిల్ పోసే లావు హోస్ ఉంటది. వీటిల్లో ఏదో పగిలింది. కింద పడుకుని టార్చ్ వేస్తే ఇవేవీ కనపడవు, ట్యాంకు దించాల్సిందే. దించినప్పుడు బెల్టుల కింద రేకు ముఖ్యంగా చూడు. బెల్టుకీ ట్యాంకుకీ మధ్య రబ్బరు పట్టీలో బురద చేరి చెమ్మ ఆరదు, తుప్పు ముందు అక్కడే మొదలవుద్ది. వరదలో మునిగిన బండి అంటున్నావు, పైభాగం మీద బురద పేరుకుని ఉంటది చూడు.

రేకు అంటావా. రేకు మంచిదే, కొండల్లో రాళ్ళు తగిలే బండికి కంపెనీవాళ్ళే ఇస్తారు. కానీ దానికి నీళ్ళు పోయే చిల్లులుంటాయి, అంచులు మడిచి ఉంటాయి, ట్యాంకుకి తగలకుండా ఖాళీ వదిలి ఛాసిస్‌కి బిగిస్తారు. మనవాళ్ళు కొట్టే 4 ఎంఎం రేకు ట్యాంకుకి ఆనించి కొడతారు, మధ్యలో బురద కూర్చుంటది, రెండేళ్ళల్లో ట్యాంకు అడుగు ఊడొస్తది. పైగా గ్యాస్ కట్టర్‌తో కోసిన అంచు బ్లేడులా ఉంటది. విజయవాడ గుంటూరు రోడ్డు మీద తిరిగే బండికి కింద నుంచి వచ్చే రాయి ఏముంది చెప్పు.

దించేటప్పుడు జాగ్రత్తలు కూడా చెప్తా. డీజిల్ నోటితో లాగొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా కష్టం, చేతి పంపు తెచ్చుకోండి. బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. వేడెక్కే బల్బు దీపం వద్దు, ఎల్ఈడీ టార్చ్ చాలు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి.

గుంటూరు_డీజిల్:

పాతకాపు గారు చెప్పాక ట్యాంకు గురించి నేను చెప్పేదేం లేదు. వెనక గార్డు సంగతి మాత్రం చెప్తా, ఎందుకంటే ఇది అమెరికాలో పెద్ద గొడవ అయింది.

జీప్ గ్రాండ్ చెరోకీ 1993 నుంచి 2004 దాకా వచ్చిన మోడళ్ళకీ, జీప్ లిబర్టీ 2002 నుంచి 2007 దాకా వచ్చినవాటికీ ట్యాంకు నీ బండిలాగే వెనక యాక్సిల్‌కీ బంపర్‌కీ మధ్యన ఉంటుంది. వెనక నుంచి గట్టిగా గుద్దితే ట్యాంకు నలగడానికి తప్ప తప్పుకోవడానికి చోటు లేదు. అక్కడి సేఫ్టీ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2010లో విచారణ మొదలుపెట్టి 2013 జూన్‌లో 27 లక్షల బళ్ళు వెనక్కి పిలిపించమంది. జీప్ తయారుచేసే క్రైస్లర్ ముందు ఒప్పుకోలేదు, తర్వాత 15.6 లక్షల బళ్ళకి ఒప్పుకుంది. మరి చేసిన రిపేరు ఏంటో తెలుసా, వెనక ట్రైలర్ తగిలించి లాగడానికి వాడే ఇనప కొక్కెం, అదే హిచ్, బిగించడం! తక్కువ, మధ్యరకం వేగంలో గుద్దితే కొంత కాపాడుద్ది అన్నారు, హైవే వేగానికి ఎవరూ హామీ ఇవ్వలేదు. అప్పటికే బయట హిచ్ వేయించుకున్నవాళ్ళుంటే దానికి ట్యాంకుని పొడిచే పదునైన అంచులున్నాయేమో చూడాలని కూడా అన్నారు. అసలు పరిష్కారం కంపెనీయే చేసింది, 2005 గ్రాండ్ చెరోకీలో ట్యాంకుని యాక్సిల్‌కి ముందుకి జరిపేసింది. చోటు మారితే తప్ప పూర్తిగా తీరే సమస్య కాదిది.

అంత పెద్ద కంపెనీ ఇంజనీర్లు కూర్చుని చేసిందే అరకొర రక్షణ అయితే, మన ఊళ్ళో పైపు వంచి రెండు బ్రాకెట్లు అతికించిన గార్డు ఏం ఆపుద్ది? నా భయం ఏంటంటే ఆ బ్రాకెట్లు సరిగ్గా ట్యాంకు వైపు చూస్తూ ఉంటాయి. ఛాసిస్ చివర నలిగి దెబ్బని కొంత మింగాలి, గార్డు దాన్ని నలగనివ్వకుండా ఆ దెబ్బని అట్లాగే లోపలికి పంపుద్ది. ఇంకో మాట, 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ బళ్ళకి ఇట్లాంటి గార్డులు వద్దని, వేస్తే మోటారు వాహన చట్టం సెక్షన్ 52 కింద తప్పని రాష్ట్రాలకి రాసింది. మీ బావగారికి చెప్పండి, ఆయన మీ మంచికే అన్నారు గాని ఇది వద్దు.

ఆ డబ్బులతో వెనక లైట్లు, బ్రేక్ లైట్లు, రిఫ్లెక్టర్లు కొత్తవి వేయించండి. గుద్దకుండా ఉండటం ముఖ్యం కదా. మంగళగిరి దగ్గర రాత్రిపూట రోడ్డు పక్కన హజార్డ్ లైట్లు కూడా వేయకుండా బండి ఆపేవాళ్ళని చూస్తే నాకు వణుకు.

సింగ్‌నగర్_కుర్రాడు:

గురువు గారూ, డీజిల్ అన్నా, ఇద్దరికీ దండం. ఇంత ఓపిగ్గా ఎవరు చెప్తారండి. ఆదివారం ట్యాంకు దింపిస్తున్నా, వేరే మెకానిక్ దగ్గర. ఒక్క డౌటు, నాన్న ప్రతిసారీ బంకులో ఆటో కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ చెయ్యి బాబూ అని ఇంకో రెండు మూడు వందలకి పోయిస్తాడు. దానివల్ల కూడా వాసన వస్తుందా?

ఆటోనగర్_పాతకాపు:

వస్తది తమ్ముడూ, భేషుగ్గా వస్తది. ట్యాంకు పైన ఖాళీ వదిలేది ఊరికే కాదు. 60 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు వేడెక్కిందనుకో దగ్గర దగ్గర లీటరు పెరుగుద్ది. బంకు డీజిల్ భూమిలో ట్యాంకులోంచి చల్లగా వస్తది, నువ్వు మూతి దాకా పోయించి మన మే నెల ఎండలో నిలబెడితే ఆ లీటరు ఎటు పోవాలి, బ్రీదర్ పైపులోంచి, గేజ్ రబ్బరు సందులోంచి తన్నుకొస్తది. అయితే రబ్బర్లు బాగుంటే ఇంత వాసన రాదు, కాబట్టి అదొక్కటే అనుకుని ఊరుకోకు. నాన్నగారికి ఆటో కట్‌కి ఆపమను.

బ్రోడీపేట_జీపు:

గుంటూరు నుంచి. మాది పెట్రోల్ జీపు, మావారి తాతగారి కాలం నాటిది, నేనే నడుపుతా, అందుకే ఈ టాపిక్ చూడగానే ఆగిపోయా. పెట్రోల్ వాళ్ళు కూడా చదువుతుంటారు కాబట్టి చెప్తున్నా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్ళల్లో రబ్బర్లు దానికి తగ్గట్టు వేస్తున్నారు, మనలాంటి పాత బళ్ళల్లో లేదు. మా జీపుకి పోయిన ఏడాది ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు వేలితో వంచితే బీటలు కనిపించాయి, ఒకచోట తడి కూడా ఉంది. డీజిల్‌లా కాదు కదా పెట్రోల్, సున్నాకి 40 డిగ్రీల కిందున్నా దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది, మన ఎండల సంగతి ఇంక చెప్పాలా. వెంటనే పైపులన్నీ ఇథనాల్‌కి పనికొచ్చేవి, పెట్రోల్‌కే తయారుచేసినవి తెచ్చి వేయించా. ఇథనాల్ నీళ్ళని కూడా పీల్చుకుంటుంది, బండి నెలల తరబడి కదపకుండా పెడితే అడుగున నీళ్ళు దిగి ఇనప ట్యాంకు లోపల్నుంచి తుప్పు పడుతుంది. కాబట్టి వారానికోసారైనా తిప్పండి. డిక్కీలో మంటలార్పే రెండు కేజీల పౌడర్ సిలిండర్ కూడా పెట్టుకున్నా, కానీ డిక్కీలో కాదు డ్రైవర్ సీటు కింద ఉండాలని మా అబ్బాయి మార్చాడు, మంట వెనక వస్తే డిక్కీ ఎట్లా తెరుస్తావమ్మా అన్నాడు, నిజమే.

సింగ్‌నగర్_కుర్రాడు:

మూడు వారాలైంది, అప్‌డేట్ ఇవ్వకపోతే తప్పు.

ట్యాంకు దించాం. పాతకాపు గారు పక్కనుండి చూసినట్టే చెప్పారు. పైన రెండు వేళ్ళ మందాన బుడమేరు బురద గట్టిపడి ఉంది, అది గోకితే కింద రేకంతా పొక్కులు. బ్రీదర్ పైపు వంపు దగ్గర సగం చీలింది. డీజిల్ పోసే లావు హోస్ అయితే ఎప్పుడో ఎవరో నీళ్ళ హోస్ ముక్క వేశారు, అది డీజిల్ తాగి ఉబ్బి మెత్తగా సబ్బులా అయిపోయింది, క్లిప్పు దగ్గర చేత్తో పిసికితే నల్లగా అంటుకుంది. అది చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ పిల్లలు దాని మీదే కూర్చున్నారు కదరా అన్నాడు.

గేజ్ ఫ్లోట్ తీసి లోపల చూస్తే అడుగున బురద, దాని మీద నల్లటి జిగురు. నీళ్ళు నిలిచిన డీజిల్ ట్యాంకులో ఒకరకం బ్యాక్టీరియా అట్లా పెరుగుతుందని మెకానిక్ చెప్పాడు, నెలకో ఫిల్టర్ ఎందుకు మూసుకుపోతోందో అప్పుడు అర్థమైంది. ఇంక మాటు, కడగడం ఏం లేదు, కొత్త ట్యాంకు ఆర్డర్ పెట్టి పది రోజులు ఆగాం. బెల్టులు, వాటి రబ్బరు పట్టీలు, గేజ్ రబ్బరు, హోస్‌లు, క్లిప్పులు అన్నీ కొత్తవి. రేకు వేయించలేదు. గార్డు వేయించలేదు. బావకి డీజిల్ అన్న రాసింది చదివి వినిపించా, తన బండికి ఉన్న గార్డు కూడా పీకించేశాడు.

మొన్న ఆటో కట్ దాకా ఫుల్ చేయించి పిల్లలతో గుంటూరు వెళ్ళొచ్చాం, వాసన లేదు, అక్కావాళ్ళ ఇంటి ముందు ఎండలో సాయంత్రం దాకా ఉంది, అయినా లేదు. పాత ట్యాంకు పాతసామాన్ల కొట్టువాడు అడిగితే ఊరికే ఇవ్వబుద్ధి కాలేదు, కట్టర్ పెడతాడని తెలుసు కదా. కడిగి, మూతి దాకా నీళ్ళు నింపి, ఎందుకు నింపానో ఆయనకి చెప్పి మరీ ఇచ్చా.