విట్బీ అబ్బేకి (కొండ మీది పాత క్రైస్తవ మఠానికి) 199 మెట్లు ఎక్కకుండా ఎలా వెళ్లాలి?

సెప్టెంబర్‌లో హెరిటేజ్ ఓపెన్ డేస్ (చారిత్రక కట్టడాల్ని ఉచితంగా చూడనిచ్చే రోజులు) సమయంలో ఒక శనివారం అమ్మానాన్నల్ని ఇంగ్లండ్‌లోని విట్బీకి తీసుకెళ్తున్నానండి. ఉండేది లీడ్స్‌లో, కారు లేదు. మిడిల్స్‌బ్రో నుంచి ఎస్క్ వ్యాలీ రైల్లో గంటన్నర, అది ఇబ్బంది కాదు. గ్రేప్ లేన్‌లోని నావికుడు కెప్టెన్ కుక్ మ్యూజియం కూడా స్టేషన్‌కి దగ్గరే.

చిక్కంతా కొండ మీది అబ్బేతోనే. నాన్నకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. చదునుగా ఉంటే అరగంట నడుస్తారు, ఇరవై మెట్లు ఎక్కితే మోకాలు వాచిపోతుంది. కానీ 664లో ఈస్టర్ తేదీ లెక్క తేల్చిన సభ జరిగిన చోటు అది, చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి కింద నుంచే చూసి తిరిగొచ్చేయడం నాకు ఇష్టం లేదు.

మ్యాప్‌లో నడక దారి అడిగితే ఆ మెట్లే చూపిస్తోంది. వాటి పక్కన రాళ్లు పరిచిన బాట ఫొటోల్లో చూశాను, బాగా ఏటవాలు, వానకి జారేలా ఉంది. టాక్సీ వాళ్లకి ఫోన్ చేస్తే శనివారానికి ముందస్తు బుకింగులు తీసుకోవడం లేదన్నారు. కొండ వెనక వైపు కార్ పార్కు దాకా రోడ్డుందని తెలుసు.

కారు లేకుండా, పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు స్టేషన్ నుంచి ఆ కార్ పార్కు దాకా ఎలా చేరుకున్నారు?