పిల్లల పాలియేటివ్ సేవలు ఆగిపోకుండా నిలుపుకోవడం ఎలా? మీ అనుభవాలు చెప్పండి

నల్గొండ అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకు తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ ఉంది, దానికి తోడు మందులకు లొంగని ఫిట్స్ ఉన్నాయి. మింగలేదు కాబట్టి ముక్కులో వేసిన గొట్టం ద్వారానే పాలు, జావ పట్టిస్తాము. గొంతులో తెమడ చేరినప్పుడల్లా సక్షన్ మిషన్ పెట్టాలి. మూడేళ్ల క్రితం ఆసుపత్రివారు మమ్మల్ని ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే పాలియేటివ్ బృందానికి, అంటే జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించి తోడుగా నిలిచేవారికి, అప్పగించినప్పుడు, డాక్టర్లు ఇక చేతులెత్తేశారని అనుకుని మా అత్తగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. పదిహేను రోజులకొకసారి ఒక నర్సు, ఒక ఫిజియోథెరపిస్టు వ్యానులో ఇంటికి వచ్చి గొట్టం మార్చేవారు, ఒంటి మీద పుండ్లు పడకుండా పాపను ఎలా తిప్పి పడుకోబెట్టాలో చూపేవారు, ఫిట్స్ ఎక్కువైతే అక్కడి నుంచే డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించి మందు సరిచేయించేవారు.

గత నెలలో వచ్చినప్పుడు, పిల్లల విభాగాన్ని పెద్దల విభాగంలో కలిపేస్తున్నారని, ఇకపై రెండు నెలలకొకసారి మాత్రమే రాగలమని, రాత్రిపూట పనిచేసే ఫోన్ నంబరు కూడా ఉండదని చెప్పి ఆ నర్సమ్మ కళ్లు తుడుచుకుంది. నిధులు తగ్గాయట. వాళ్లను నిందించడానికి ఇది రాయడం లేదు. ఇలాంటి పరిస్థితిలో ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏమని అడగాలి, అడిగి ఏమైనా సాధించినవారు ఉన్నారా అని తెలుసుకోవాలని ఉంది.

వేణు, కాకినాడ:
అమ్మా, మా బాబు కండరాల క్షీణత వ్యాధితో కిందటి ఏడాది, నాలుగేళ్ల వయసులో వెళ్లిపోయాడు. మాకు ఇంటికి వచ్చే బృందం ఎన్నడూ లేదు కాబట్టి, అది లేకపోతే ఎలా ఉంటుందో మాత్రమే చెప్పగలను. చివరి ఏడాదిలో ఆరుసార్లు అంబులెన్సులో విశాఖపట్నం తీసుకువెళ్లి ఐసీయూలో చేర్చాము. వాటిలో నాలుగుసార్లు చేర్చింది బాబు పరిస్థితి విషమించి కాదు, మాకు భయం వేసి. అది అడ్డుపడిన తెమడా, మొదలవుతున్న నిమోనియానా అని అర్ధరాత్రి ఫోన్‌లో చెప్పగలిగిన మనిషి ఒక్కరు ఉంటే ఆ నాలుగూ తప్పేవి. ఆఖరి రెండు వారాలు మాత్రం మా ఊరి పిల్లల డాక్టరుగారు రోజూ సాయంత్రం క్లినిక్ కట్టేశాక ఇంటికి వచ్చి చూడడం వల్ల, బాబు గాజు తలుపుల వెనుక కాకుండా వాళ్ల నాన్నమ్మ ఒళ్లోనే ఉన్నాడు.

అందుకే నా మాట ఒక్కటే. ఇంటికి రావడం కొంత తగ్గినా సర్దుకోండి కానీ, రాత్రి నంబరును మాత్రం వదులుకోకండి.

స్టాఫ్ నర్సు 14:
నేను ఒక జిల్లా ఆసుపత్రి పాలియేటివ్ వార్డులో పనిచేస్తున్నాను. పిల్లల సేవను పెద్దల సేవలో కలిపితే ఏది పోతుందో లోపలి మనిషిగా చెబుతాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది క్యాన్సర్ ముదిరిన పెద్దవాళ్లు, వారితో మా పరిచయం కొన్ని వారాలో నెలలో ఉంటుంది. మీ పాపలాంటి పిల్లలు ఏళ్ల తరబడి మాతో ఉంటారు. ఆ ఏళ్లలో బరువు మారుతుంది కాబట్టి ప్రతి మందునూ మళ్లీ లెక్క కట్టాలి. గొట్టం సైజు మారుతుంది. తుంటి కీలు జారడం, వెన్ను వంకర తిరగడం వంటివి కొత్తగా మొదలవుతాయి. నొప్పి ఎక్కడో నోటితో చెప్పలేని పిల్ల విషయంలో ముఖం, కాళ్ల కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటుందా లేదా అన్నవి చూసి నొప్పిని కొలవాలి, అది సాధన చేసినవారికే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో పిల్లల నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో, నొప్పి తీవ్రతను బట్టి మందు పెంచుతూ పోయే, పెద్దలకు వాడే మూడు మెట్ల పద్ధతిని రెండు మెట్లకు కుదించి, కోడీన్ అనే నొప్పి మందును పక్కన పెట్టింది. పెద్దల వార్డులో అలవాటు పడిన చేతికి ఈ తేడా తట్టకపోవచ్చు.

మరొకటి, తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అది దొరకడమే గగనంగా ఉండేది. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు పాత లైసెన్సుల చిక్కు లేకుండా నిల్వ చేసుకునే వీలు కల్పించారు. అయితే ఆ గుర్తింపు సంస్థకు ఉంటుంది, రోగికి కాదు. సంస్థ మూతపడితే దాని నిల్వ కూడా పోతుంది, ఆ ప్రాంతంలోని పిల్లలు మళ్లీ హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటి పెద్ద చోటికి బస్సెక్కవలసి వస్తుంది. మీ పాపకు ఇప్పుడు మార్ఫిన్ అవసరం లేకపోవచ్చు, అయినా మీకు దగ్గరలో అది ఎక్కడ ఉందో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

విలీనమే వద్దని అడిగితే, నిధులు లేవన్న ఒక్క మాటతో సంభాషణ అక్కడే ముగుస్తుంది. దానికన్నా, విలీనమైన తరువాత కూడా పిల్లల పనిలో శిక్షణ పొందిన నర్సు ఒక్కరు పేరు పెట్టి ఉండాలని, పిల్లల సైజు గొట్టాలు, సక్షన్ క్యాథెటర్లు ప్రతి నెలా ఇండెంటులో, అంటే స్టోరు నుంచి తెప్పించే సామాను జాబితాలో, ఉండాలని అడిగితే, కాదనడం అధికారులకు కష్టం. ఇంకొక మాట చెప్పి ఆపుతాను. మా రిజిస్టరులో చేరిన రోగులకు ఒక గడి ఉంది, ఇంటికి వెళ్లి చూసిన వారికి ఒక గడి ఉంది, ఫోన్‌లో చెప్పిన సలహాకు గడి లేదు. గడి లేని పనికి బడ్జెట్ రాదు. అది మీరే రాసిపెట్టాలి.

పద్మజ, లీడ్స్:
మేము పదకొండేళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాము, మా అబ్బాయికి జీవక్రియలకు సంబంధించిన అరుదైన వ్యాధి ఉంది. పిల్లల కోసమే కట్టిన మొదటి హాస్పిస్, హెలెన్ హౌస్, 1982లో ఈ దేశంలోనే, ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైంది. ఇక్కడ హాస్పిస్ అంటే చివరి రోజుల ఇల్లు మాత్రమే కాదు; ఏడాదిలో కొన్ని రాత్రులు బాబును వారికి అప్పగించి మేము నిద్రపోతాము, వాడి చెల్లెలిని పార్కుకు తీసుకువెళతాము. ఇదంతా ప్రభుత్వమే నడుపుతుందని ఇండియాలో బంధువులు అనుకుంటారు కానీ, ఇంగ్లండులో పిల్లల హాస్పిస్‌ల ఖర్చులో పెద్ద భాగం విరాళాలు, పాత బట్టల దుకాణాల ఆదాయమే. 2022 నాటి చట్టం పాలియేటివ్ సేవలు ఏర్పాటు చేయించే బాధ్యతను స్థానిక ఆరోగ్య బోర్డుల మీద పెట్టింది, ఎంత డబ్బు ఇవ్వాలో మాత్రం చెప్పలేదు. కేంద్రం నుంచి వచ్చే గ్రాంటు కూడా చాలాకాలం ఏడాదికి ఏడాది పొడిగించుకునేదిగానే ఉండేది. వచ్చే ఏప్రిల్ తరువాత ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని నర్సు ఎక్కడ నిలుస్తుంది? హాస్పిస్‌లు, తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడిగిన మీదట, 2025లో మూడేళ్లకు కలిపి దాదాపు 8 కోట్ల పౌండ్లు ప్రకటించారు. ఆ మొత్తం కన్నా, మూడేళ్లు అన్న మాటే మాకు ఎక్కువ ఊరట ఇచ్చింది.

కాబట్టి సేవ ఉంటుందా అని అడిగి, ఉంటుందన్న జవాబుతో తిరిగి రాకండి. ఎంతకాలం ఉంటుందో కాగితం మీద అడగండి.

రమేష్, కోళికోడ్:
ఉద్యోగరీత్యా కేరళలో ఉంటున్నాను. ఇక్కడ 2008లోనే రాష్ట్ర పాలియేటివ్ విధానం వచ్చింది, ఇంటికి తిరిగే నర్సు ఖర్చు స్థానిక సంస్థల ప్రణాళికలోనే ఉంటుంది. ఎన్నికైన సభ్యుడికి ఆ నర్సు పేరు తెలుసు. మన దగ్గర సర్పంచుకు ఈ సేవ ఒకటి ఉందని కూడా తెలియదు, మొదట అక్కడ చెప్పుకోవడం మంచిది.

అనంతపురం మాస్టారు:
ఒక విషయంలో హెచ్చరించాలనిపించింది. మా మనవరాలి సేవ ఆగినప్పుడు, ఎవరో సలహా ఇస్తే, గొట్టంతో ఉన్న ఆమె వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టాము. వారం రోజులు విరాళాలు వచ్చాయి, తరువాత ఆగిపోయాయి, ఆ వీడియో మాత్రం ఇప్పటికీ ఎక్కడెక్కడో తిరుగుతోంది. అడగలేని పిల్ల పరువును మేమే బజారున పెట్టాము. దయచేసి అలా చేయకండి.

అలాగే, సదరం సర్టిఫికెట్ ఉంటే నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేర్చండి, సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. పింఛను ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి నెలకు 15,000 రూపాయలు ఉంది, తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016. ఇవి ఆ నర్సమ్మకు బదులు కావు కానీ, గొట్టాలు, డైపర్ల ఖర్చులో కొంతైనా తీరుస్తాయి.

నల్గొండ అమ్మ:
రాసినందరికీ కృతజ్ఞతలు. ఏడు వారాల తరువాత జరిగింది చెబుతున్నాను. స్టాఫ్ నర్సుగారు అన్నట్లు పాత ఫోన్ చూసి, మావారు, నేను కూర్చుని ఏడాది కాల్స్ అన్నీ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించాము. రాత్రి నంబరుకు 31 సార్లు చేశాము. అందులో రెండుసార్లు మాత్రమే ఆసుపత్రికి వెళ్లమన్నారు. బృందం రాకముందు ఏడాదిలో ఐదుసార్లు చేర్చిన డిశ్చార్జి కాగితాలు కూడా జత చేశాము. ఇదే సేవ మీద ఆధారపడిన మరో ఆరు కుటుంబాలను వ్యాను డ్రైవరు ద్వారా కనుక్కుని, అందరం కలిసి సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చాము. పాప ఫొటో పెట్టలేదు, మాస్టారూ.

జిల్లా వైద్యాధికారి సంస్థవారిని పిలిపించి మాట్లాడారు. విలీనం ఆగలేదు. పిల్లల నర్సును కొనసాగిస్తామని, నెలకొకసారి ఇంటికి పంపుతామని, గొట్టాలు, క్యాథెటర్లు జిల్లా ఆసుపత్రి స్టోరు నుంచి ఇస్తామని ఒప్పుకున్నారు. ఎంతకాలం అన్న ప్రశ్నకు వచ్చే మార్చి వరకు అని రాసి ఇచ్చారు. రాత్రి నంబరు మాత్రం తొమ్మిది గంటల వరకే అంటున్నారు, ఆ తరువాత 108కు చేయమన్నారు. మొన్న రాత్రి ఒంటిగంటకు పాపకు ఫిట్స్ వచ్చినప్పుడు, నర్సమ్మ నేర్పిన ప్రకారం పక్కకు తిప్పి, ఇవ్వవలసిన మందు ఇచ్చి, ఆగేదాకా గడియారం చూస్తూ కూర్చున్నాము. అది కూడా పుస్తకంలో రాశాము.

ఆ నంబరు కోసమే వచ్చే సోమవారం మళ్లీ వెళుతున్నాము. మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఇలాంటి పిల్లలున్న వారు ఎవరైనా ఉంటే, మీ కాల్స్ రాసుకుని ఉదయం పది గంటలకల్లా కలెక్టరేటు దగ్గరికి రండి.