డిగ్రీలో చేరుతున్నాను, ఏం అవ్వాలో తెలీదు. ఎంపీసీఎస్‌లో ఉండాలా, స్టాటిస్టిక్స్ గ్రూపుకు మారాలా?

పసుపుచేను:

అందరికీ నమస్తే. మాది జగిత్యాల జిల్లా, ధర్మపురి దగ్గర పల్లె. ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎప్‌సెట్‌లో నాకొచ్చిన ర్యాంకుకు కన్వీనర్ కోటాలో మంచి సీటు రాదు. మామయ్య మేనేజ్‌మెంట్ సీటు కొందామన్నాడు. నాన్న సౌదీలో ఉన్నాడు, ఇల్లు కట్టిన అప్పే ఇంకా తీరలేదు, అందుకని నేనే వద్దన్నాను. డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో కరీంనగర్‌లోని ఒక ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్) వచ్చింది. సెల్ఫ్ రిపోర్టింగ్ కూడా చేసేశాను.

ఇంటికి ఎవరొచ్చినా "డిగ్రీ తర్వాత ఏం చేస్తావ్?" అనే అడుగుతున్నారు. ఒకరికి టీచర్ అని చెబుతాను, ఇంకొకరికి బ్యాంకు అని చెబుతాను. అడిగినవాళ్ల మొహం చూసి జవాబు మారుస్తున్నాను. లెక్కలు ఇష్టమే. ఫిజిక్స్ మాత్రం పాసవ్వడానికే చదివాను. కంప్యూటర్ ఎప్పుడూ ముట్టుకోలేదు, ఫోనే. అదే కాలేజీలో నా ఫ్రెండ్ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ తీసుకుంది, నన్నూ మారమంటోంది. ఏం అవ్వాలో తేలకుండా గ్రూపు ఎలా ఎంచుకోవాలి? లేకపోతే ఏడాది ఆగి ఎప్‌సెట్ మళ్లీ రాయడం నయమా?

అమ్మ బీడీలు చేస్తుంది. మా వాడలో చాలామంది పీఎఫ్ ఫారాలు నేనే నింపుతాను కాబట్టి "నువ్వు ఆఫీసర్‌వి అవుతావే" అంటుంది. ఏ ఆఫీసరో ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు.

సూటిగా_చెప్తా:

ఏడాది ఆగి ఎప్‌సెట్‌కు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకో. బీఎస్సీ చేసినా చివరికి ఎంసీఏనో బీఎడ్డో చేయాల్సిందే. బీటెక్ అయితే నాలుగేళ్లలో పని అయిపోతుంది.

చాక్‌పీస్:

అమ్మా, నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. నా మాటలో మా సబ్జెక్టు మీద కొంత పక్షపాతం ఉంటుంది, అది తీసేసి చదువుకో.

ముందు ఎప్‌సెట్ సంగతి. ఇంజినీర్ అవ్వాలని ఉందని నువ్వు రాసినదాంట్లో ఎక్కడా లేదు. అలాంటప్పుడు ఆ పరీక్ష కోసం ఇంకో ఏడాది ఎందుకు?

ఏం అవ్వాలో ఇప్పుడే తేల్చక్కర్లేదు. ఏ సబ్జెక్టు వదిలేస్తే ఏ దారి మూసుకుపోతుందో మాత్రం తెలిసి చేరాలి. గ్రూప్స్, బ్యాంకు, ఎంబీఏ, మూడేళ్ల ఎల్ఎల్‌బీ, వీటికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది కాబట్టి వాటి టెన్షన్ ఇప్పుడు వద్దు. బీఎడ్ చేసి స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్ పోస్టుకు వెళ్లాలంటే డిగ్రీలో మ్యాథ్స్ ఉండాలి. రెండు గ్రూపుల్లోనూ ఉంది. ఎంసీఏకూ ఇబ్బంది లేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ దారి నువ్వు ఎంపీసీఎస్ ఆప్షన్ పెట్టిన రోజే మూసుకుపోయింది. ఈ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు, ఆప్షన్లు పెట్టించే నెట్ సెంటర్‌లో అసలే చెప్పరు.

ఇక తేడా అంతా ఫిజిక్స్ దగ్గరా స్టాటిస్టిక్స్ దగ్గరా. డిగ్రీలో ఫిజిక్స్ లేకపోతే ఎమ్మెస్సీ ఫిజిక్స్ కుదరదు. డిగ్రీలోనో పీజీలోనో స్టాటిస్టిక్స్ లేకపోతే యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయలేవు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్షలో స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ పోస్టుకైతే డిగ్రీ మూడేళ్లూ ఆ సబ్జెక్టు చదివి ఉండాలి. ఈ పోస్టులు వేలల్లో ఉండవు, ఆ మాటా ముందే చెబుతున్నాను. పీజీకి వెళ్లాలనిపిస్తే ఉస్మానియా, కాకతీయ, శాతవాహన లాంటి యూనివర్సిటీలకు సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ఎంట్రన్స్ పరీక్షలు ఉన్నాయి. జామ్ ఫిబ్రవరిలో ఉంటుంది, ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. అందులో మ్యాథ్స్, ఫిజిక్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ మూడింటికీ విడివిడిగా పేపర్లున్నాయి. మన ప్రభుత్వ కాలేజీల పిల్లల్లో చాలామంది ఈ పేరు ఫైనలియర్‌లో, అదీ అప్లికేషన్ గడువు దాటాక వింటారు. అదే నా బాధ.

ఫిజిక్స్ పాసవ్వడానికే చదివానన్నావు. డిగ్రీలో అది ఒక్క పరీక్షతో పోదు, సెమిస్టర్ తర్వాత సెమిస్టర్ ప్రాక్టికల్స్‌తో సహా వెంట వస్తుంది.

మారాలనుకుంటే దోస్త్‌లో ఇంట్రా కాలేజీ ఫేజ్ అని పెడతారు. అదే కాలేజీలో సీటు ఖాళీగా ఉంటే గ్రూపు మార్చుకోవచ్చు. ఈలోపు సీనియర్ల దగ్గర ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ మొదటి సెమిస్టర్ పుస్తకాలు అడిగి తెచ్చుకో. ఒక్కోదాంట్లో ఒక చాప్టర్ చదివి లెక్కలు చెయ్యి. రెండూ కష్టంగానే ఉంటాయి. తప్పు వచ్చినప్పుడు దేంట్లో జవాబు చూడకుండా మళ్లీ మొదలుపెట్టావో గమనించు.

ఇంకొకటి. పీఎఫ్ ఫారాల సంగతి చివర్లో మామూలుగా రాసేశావు. ఆధార్‌లో పేరు ఒకలా, పీఎఫ్‌లో ఇంకోలా ఉంటే ఏం చేస్తున్నావ్? ఆ పని విసుగ్గా ఉంటుందా?

కౌంటర్_3:

సార్ చెప్పినదాంతో నాకు సగమే ఒప్పుదల. నేను బీఏ చేసి బ్యాంకులో పడ్డాను. అన్ని దారులూ తెరిచిపెట్టుకుని దేంట్లోనూ అడుగు పెట్టనివాళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ కోసం తీసుకున్న రూముల్లో బోలెడుమంది ఉన్నారు. "ఏ డిగ్రీ అయినా చాలు" అనే పరీక్షకు అందరూ వస్తారు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ ఇచ్చారు. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్తగా ఇచ్చారు. డిగ్రీ కాగానే దాన్నే నమ్ముకుని కూర్చున్నవాళ్ల పరిస్థితి ఊహించుకో. అందుకే సెకండియర్ అయ్యేలోపు ఒకటి పట్టుకో చెల్లీ. తర్వాత మారినా ఫర్వాలేదు.

అన్నట్టు మీ అమ్మ చెప్పే ఆఫీసర్ పోస్టు నిజంగానే ఉంది. పీఎఫ్ ఆఫీసులో ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్, అకౌంట్స్ ఆఫీసర్ పోస్టులకు యూపీఎస్సీ పరీక్ష పెడుతుంది. డిగ్రీ ఉంటే చాలు. కాకపోతే నోటిఫికేషన్ ఏటా రాదు, ఆ ఒక్కదాని కోసం ఎదురుచూడకు.

పసుపుచేను:

సార్, విసుగేమీ ఉండదు. కోపం వస్తుంది. ఆధార్‌లో లక్ష్మి అని ఉంటుంది, పీఎఫ్‌లో లచ్చవ్వ. పుట్టినరోజు చాలామందికి జనవరి 1. అవి సరిచేయమని జాయింట్ డిక్లరేషన్ ఫారం పెట్టాలి, దానికి కంపెనీ సంతకం కావాలి, ఆ సంతకం కోసం తిప్పుతారు. ఎవరిది ఎక్కడ ఆగిందో గుర్తుండట్లేదని ఒక నోటుబుక్కులో గళ్లు గీసి రాస్తున్నాను. పేర్ల తప్పులే ఎక్కువ, తేదీలవి తక్కువ.

అన్నా, పీఎఫ్‌లో అలాంటి పోస్టు ఉందని అమ్మకు చెప్పాను. వాడంతా చెప్పేసింది, ఇప్పుడు ఇంకో టెన్షన్.

చాక్‌పీస్:

ఏ తప్పు ఎక్కువో ఎవరూ అడగకుండానే లెక్క తీశావు. స్టాటిస్టిక్స్ మొదటి యూనిట్‌లో మేం చెప్పేది ఇలాంటిదే: సమాచారం సేకరించడం, వర్గాలుగా విడదీయడం, పట్టికలో పెట్టడం. ఇది చూసి నువ్వు స్టాటిస్టీషియన్‌వి అయిపోతావని అనను. ఆ సబ్జెక్టు నీకు పరాయిగా ఉండదని మాత్రం అంటాను. గుర్తుంచుకో, ఆ తర్వాత ప్రాబబిలిటీ వస్తుంది, అది వేరే లోకం. ఆ చాప్టర్ చేసి చూశాకే మారు.

సూటిగా_చెప్తా:

ఫారాలు నింపడం వేరు, కెరీర్ వేరు సార్.

చాక్‌పీస్:

వేరే. అందుకే పుస్తకం తెచ్చుకొమ్మన్నాను.

పసుపుచేను:

ఫ్రెండ్ వాళ్ల అక్క దగ్గర రెండు పుస్తకాలూ దొరికాయి. మారాలనుకుంటే ఇంట్రా కాలేజీ డేట్లు వచ్చేలోపు ఏమైనా చేయాలా? రెండు గ్రూపుల్లోనూ కంప్యూటర్స్ ఉంది కదా, లాప్‌టాప్ ఇప్పుడే కొనాలా? నాన్నను అడగాలంటే మొహమాటంగా ఉంది.

చాక్‌పీస్:

కాలేజీలో దోస్త్ చూసే సార్ ఉంటారు, ఆయన్ని కలిసి స్టాటిస్టిక్స్ గ్రూపులో ఎన్ని సీట్లు మిగిలాయో ఇప్పుడే అడుగు. లాప్‌టాప్ వద్దు. మొదటి ఏడాదికి కాలేజీ ల్యాబ్ చాలు, ల్యాబ్ అవర్‌లో సిస్టమ్ ముందు నువ్వే కూర్చో, పక్కవాళ్ల వెనక నిలబడకు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పాటు అదీ తీసుకోవచ్చా అన్నది కాలేజీలో స్కాలర్‌షిప్‌లు చూసే క్లర్క్‌ను అడిగి నింపు. మీ అమ్మ బీడీ కార్మికుల గుర్తింపు కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందు చూసుకో.